ఇత్తడి రేడియేటర్

చందాపుర దాటుతుండగా లారీ ముందు నుంచి తెల్లటి ఆవిరి లేచి అద్దాన్ని కప్పేసింది. రోడ్డు, బస్సులు, దుకాణాల బోర్డులు అన్నీ మాయమైపోయాయి. రామాంజినప్ప బండిని మెల్లగా పక్కకు తీసి ఇంజన్ ఆపాడు. పక్క సీట్లో ఉన్న భార్య భాగీరథమ్మ నీళ్ల డబ్బా అందుకుంది. హూడిలో ఒక అపార్ట్‌మెంటుకు చేరవలసిన సంపెంగ, పారిజాతం మొక్కలు వెనక గాలికి తలలూపుతూ నిలబడ్డాయి.

ఇంజన్ చల్లారాక నీళ్లు పోసుకుని, కూతవేటు దూరంలో ఉన్న చెన్నయ్య షెడ్డుకు బండిని చేర్చారు. రేడియేటర్లు బాగుచేయడమే చెన్నయ్య పని. అతను రేడియేటర్ విప్పి, దాని మూతులు రబ్బరుతో బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి పట్టాడు. ఒక మూల నుంచి బుడగలు సన్నగా, తీరిగ్గా లేచాయి.

"అతుకు ఊడిందన్నా. ఇది టంకం పెడితే నిలబడతాది" అన్నాడు చెన్నయ్య.

ఇంకాస్త గాలి పట్టేసరికి నడిమధ్య నుంచి కూడా బుడగలు వచ్చాయి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ.

"చూస్తివా, లోపల గొట్టాలే పలచబడిపోయినాయి. అతుకులేస్తే ఈ వానాకాలం లాగుతాదేమో. ఎండాకాలానికి నేను మాట ఇయ్యలేను. కొత్తదైతే ఇప్పుడే తెచ్చి బిగిస్తా."

"కొత్తది అల్యూమినియం కదప్పా, పైన ప్లాస్టిక్. ఇది ఇత్తడి. అతుకే వెయ్" అన్నాడు రామాంజినప్ప.

"తొందరేముండాది. కూర్చోని యోచన చెయ్" అని చెన్నయ్య టీ చెప్పడానికి వెళ్లాడు.

రామాంజినప్ప తొట్టి పక్కన కూర్చున్నాడు. బుడగలు లేస్తూ, నీటి మీద కాసేపు నిలిచి, చప్పుడు లేకుండా పగిలిపోతున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగా షెడ్డు చప్పుళ్లు దూరమయ్యాయి. పెళ్లయిన కొత్తలో మడివాళ మార్కెట్ పక్కన మంచులో ఆగి ఉన్న లారీ కళ్ల ముందు నిలిచింది. అప్పుడు వాళ్లకు గది లేదు, లారీయే ఇల్లు. ఇంజన్ ఆపినా క్యాబిన్‌లో వెచ్చదనం చాలాసేపు ఉండేది. తెల్లారి అతను ఇంజన్ కాసేపు తిప్పాక, రేడియేటర్ నుంచి దించిన గోరువెచ్చని నీళ్లతో భాగీరథమ్మ కాళ్లు కడుక్కునేది. ఆ మంచులో ఆమె పాదాల నుంచి ఆవిరి లేచేది. నేల మీద కాక మబ్బు మీద నిలబడినట్టు కనిపించేది.

ఎప్పుడు వచ్చిందో, ఆమె పక్కనే కూర్చుని ఉంది.

"చలికాలం మనం బండిలోనే పండుకుంటా ఉంటిమి, జ్ఞాపకం ఉండాదా?" అన్నాడు.

"ఎందుకుండదు."

"అదంతా దీని వేడే కదా. పారేయమంటావా?"

ఆమె నీళ్లలో చెయ్యి పెట్టింది. బుడగలు వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.

"పోయిన ఎండాకాలం నుంచి బండెక్కితే నేను కన్ను మూసిందే లేదయ్యా. నువ్వు రోడ్డు చూస్తావు. నేను ఆ వేడి చూపించే ముల్లు చూస్తా కూర్చుంటా."

"చెట్లు చూస్తా ఉండావు అనుకుంటిని."

"చెట్లు చూసి ఎన్నాళ్లాయెనో."

"ఒక్క మాట చెప్పలేదే."

"చెప్తే ఇంకో అతుకు వేపిస్తావు. నా భయం మాత్రం అట్లనే ఉంటాది."

అన్ని దారుల్లోనూ ఆమె మొహం కిటికీ వైపే ఉందని రామాంజినప్ప ఇన్నాళ్లూ నమ్మాడు. తాను కూనిరాగాలు తీస్తూ నడిపిన బండిలో ఆమె ఊపిరి బిగబట్టుకుని కూర్చుందన్న సంగతి నెమ్మదిగా లోపలికి దిగింది.

చెన్నయ్య టీతో వచ్చాడు.

"కొత్తదే బిగించప్పా" అన్నాడు రామాంజినప్ప.

పాతదాన్ని గోడకు ఆనించారు. అందులో మిగిలిన నీళ్లు నేల మీద సన్నగా పారాయి. రామాంజినప్ప వంగి ఒకసారి దాని మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఇక అక్కడ నిలబడలేదు.

హూడి దారిలో ఆకాశం మబ్బు పట్టింది. ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతుంటే సంపెంగ వాసన క్యాబిన్‌లోకి వస్తూ పోతూ ఉంది. కొంతదూరం భాగీరథమ్మ పూలు రాలిన ఫుట్‌పాత్‌లను చూస్తూ ఏదో చెప్పింది, తర్వాత మాటలు ముద్దగా వచ్చాయి, ఆ తర్వాత రాలేదు. తల కిటికీకి ఆనించి నిద్రపోయింది.

అపార్ట్‌మెంటు గేటు ముందు బండి ఆగింది. మొక్కలు దించుకోవడానికి వాచ్‌మన్ ఎదురొచ్చాడు. రామాంజినప్ప కిందికి దిగకుండా, కాసేపు ఆగమని చేత్తో సైగ చేశాడు.