ఈత డ్రస్సు ఎక్కడ ఆరెయ్యాలి

ఆ ఇంట్లో మగవాళ్ళ బట్టలు డాబా మీద ఆరతాయి. చీరలూ అక్కడే. ఆడవాళ్ళ లోపలి బట్టలు మాత్రం పెరటి దండెం మీద, పైన ఒక తువ్వాలు కప్పుకుని ఆరాలి. ఆరకపోతే తడిగానే తొడుక్కోవాలి. వేణుగోపాలరాజు గారి కట్‌డ్రాయర్లు చిల్లులతో సహా డాబా మీద జెండాల్లా ఎగురుతుంటాయి, భీమవరం బస్సెక్కే వాళ్ళందరికీ కనపడేలా. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఈ సంగతి నోటితో చెప్పలేదు. ఆరేసి చూపించారు. రాజు గారి భార్య అలివేలుమంగ చూసి నేర్చుకుంది. ఇన్నేళ్ళలో ఆ తువ్వాలు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు, ఆ నీలం డ్రస్సు కుట్టుకునేదాకా.

ఆవిడ పుట్టింది కాలువ గట్టున. కాపురానికొచ్చింది రొయ్యల చెరువుల మధ్యకి. ఎటు చూసినా నీళ్ళే. ఒంటిమీద పడ్డవి మాత్రం చెంబుతో పోసుకున్నవే. చిన్నప్పుడు అన్నలు కాలువలోకి దూకుతుంటే గట్టున కూచుని వాళ్ళ చొక్కాలకి కాపలా కాసేది. టౌన్లో ఈత కొలనుందని, పొద్దుటిపూట ఆడవాళ్ళకి విడిగా నేర్పుతున్నారని ఎవరో అంటే విని, అన్నం వడ్డిస్తూ చెప్పింది, నేనూ వెళ్తానండి అని.

"ఈ వయసులో ఈతేంటి? నువ్వేమన్నా చేపవా?" అన్నారు రాజు గారు, పప్పులో నెయ్యేసుకుంటూ.

ఆయన వద్దనలేదు. నవ్వారు. వద్దంటే పోట్లాడొచ్చు. నవ్వితే ఏం చేస్తాం? మంగ ఆ నవ్వునే సరే కింద జమేసుకుంది.

నేర్పే పిల్ల సారిక ముందే చెప్పేసింది, "చీర, నైటీ కుదరవండి ఆంటీ. నీళ్ళు తాగి కిందకి లాగేస్తాయి." మంగ కొట్టుకెళ్ళి, అక్కడ వేలాడేవి చూసి, చూడనట్టే వచ్చేసింది. కూతురు ప్రణతి వదిలేసిన నీలం లెగ్గింగులు విప్పదీసి మిషను ముందు కూచుంది. సాగే గుడ్డ. మామూలు కుట్టేసి, తొడుక్కుని వంగితే టపటపా తెగిపోయింది. మళ్ళీ విప్పి, గుడ్డని లాగి పట్టుకుని వంకర కుట్టేసింది. అత్తగారు మంచం మీంచి చూస్తున్నారు.

"చేతులు పెట్టమ్మాయ్."

పెట్టింది.

"మోకాళ్ళో?"

కప్పింది.

"వెనకవైపు కాస్త అడ్డంగా ఏదన్నా..."

నడుం చుట్టూ కుచ్చిళ్ళు పెట్టింది. తీరా అద్దంలో చూసుకుంటే, చీరలో రోజూ లోకమంతా చూసే నడుం కూడా ఇందులో కనపడటం లేదు. పెళ్ళిలో కూడా ఇంత నిండుగా లేనే అనుకుని నవ్వుకుంది.

మొదటిరోజు చాలాసేపు కొలను అంచున కడ్డీ వదల్లేదు. చివరికి వదిలింది. వెల్లకిలా తేలింది. చెవుల్లోకి నీళ్ళెక్కి లోకం చప్పుడు ఆగిపోయింది. మంగా, కాఫీ అనేవాళ్ళు లేరు. అన్నా వినపడదు. పైన ఆకాశం, కింద నీళ్ళు, మధ్యలో తను. ఇంత బరువు మనిషిని ఏమీ అడక్కుండా మోసేది ఒకటుందన్నమాట అనుకుంది.

ఇంటికొచ్చి డ్రస్సు ఉతికి, ఎక్కడ ఆరెయ్యాలో తెలీక బకెట్టుతో నిలబడిపోయింది. ఇది పైబట్టా, లోపలి బట్టా? అత్తగారు తేల్చేశారు. పెరటి దండెం మీద వేసి తువ్వాలు కప్పేశారు. అసలే వానాకాలం. మర్నాడు తడిదే వేసుకెళ్ళింది. ఆ మర్నాడు ముక్క వాసన. తర్వాత ఒంటినిండా దద్దుర్లు. వెళ్ళడం మానేసింది. అప్పుడు సారిక ఫోను చేసింది.

"ఆంటీ, రేపు కూడా రాకపోతే మీ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానండి. చాలామంది అడుగుతున్నారు."

ఆ పూట వాన తెరిపిచ్చింది. మంగ పెరట్లోకెళ్ళి తువ్వాలు తీసింది. డ్రస్సు పట్టుకుని డాబా ఎక్కింది. డ్రాయర్లని ఓ పక్కకి జరిపి, మంచి ఎండ తగిలేచోట ఆరేసి, నాలుగు క్లిప్పులు పెట్టింది.

సాయంత్రం ఆవిడ బట్టలు తీస్తుంటే కింద మాటలు వినపడ్డాయి. ఎదురింటి తాతాజీ గేటు దగ్గర తలెత్తి చూస్తున్నాడు. రాజు గారు చెరువు మీంచి వచ్చి అప్పుడే బండి దిగారు.

"ఏంటండి రాజు గారూ, ఆ డాబా మీద నీలంగా?"

రాజు గారు పైకి చూశారు. మొహం పాలిపోయింది. "అదా... ఈత డ్రస్సండి."

"ఎవరిదండి?"

రాజు గారు గొంతు సవరించుకున్నారు. "నాదే."

"ఆయ్! ఈ వయసులో ఈతంటే మాటలాండి! మగాడంటే మీరండి!"

"ఒంటికి మంచిదండి," అన్నారు రాజు గారు. ఈసారి గొంతు తడబడలేదు. ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"మరా కుచ్చిళ్ళేంటండి?"

"ఫారిన్ మోడలండి."

పిట్టగోడ వెనక మంగకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఆయన తనకంటే ఆరేళ్ళు పెద్ద. అదే ఈత. తను వెళ్తే చేప, ఆయన వెళ్తే మగాడు. పులస పులుసు తను పెడితే రాజు గారింటి పులుసన్నారు. ప్రణతిని కూచోబెట్టి చదివిస్తే రాజు గారి పిల్ల తెలివన్నారు. పోనీలే అనుకుంది. ఇప్పుడూ ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఆయన పేరు చెప్పుకుని రోజూ ఈ ఎండలోనే ఆరేసుకోవచ్చు. రేపు వెళ్ళొచ్చు, ఎల్లుండీ వెళ్ళొచ్చు. అత్తగారు కూడా నోరెత్తరు. ఎంత సుఖం! కానీ ఆ నీళ్ళ మీద తేలింది తను. అక్కడ ఆయన లేరు. అది ఒక్కటీ ఇవ్వబుద్ధి కాలేదు.

డ్రస్సు క్లిప్పులు తీసి, భుజాల దగ్గర పట్టుకుని, పిట్టగోడ మీంచి వీధిలోకి చాపి చూపించింది.

"తాతాజీ గారూ, ఇది నాదండి. నేనే కుట్టుకున్నాను. ఆయనకైతే పొట్ట దగ్గర పట్టదు, ఛాతీ దగ్గర నిలవదు."