నీళ్లలో రాగిరేకు

అల్లం మురబ్బా డబ్బా కారులోనే ఉండిపోయింది, చేతికందేలా డాష్‌బోర్డు మీద పెట్టుకుని మరీ మరిచిపోయింది, వోల్టుమీటరు పెట్టెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని పడవెక్కిన మనిషికి కడుపులో తిప్పుతుందన్న సంగతి గుర్తుండొద్దూ, నరసింహ చెబుతూనే ఉన్నాడు, టాబ్లెట్ వేసుకో జయంతీ, పసిఫిక్ అంటే వైజాగ్ బీచ్‌లో మొక్కజొన్నపొత్తు తింటూ చూసే సముద్రం కాదు అని, డాక్టరు మొగుడి మాట వినని పెళ్లానికి సముద్రమే డోసు ఇస్తుందని నవ్వాడు కూడా, ఇస్తూనే ఉంది, ఆరెగాన్ తీరం మంచులో కలిసిపోయి చాలాసేపయింది, పడవ వెనక గోతిలాంటి చోట తను, పక్కన పడవ యజమాని ఆర్నీ, ఇద్దరి మధ్యనుంచీ నీళ్లలోకి దిగిన రెండు ఉక్కు తీగలు, తీగలకు వరసగా గాలాలు, పడవ మెల్లగా పోతుంటే అవి వెనకాలే ఈడ్చుకొస్తున్నాయి, ఒక్క గాలానికీ చేప లేదు, అల్లంత దూరాన నీలం పడవ వాళ్లు మాత్రం గిలగిలలాడే సాల్మన్‌లను లాగి లాగి వేసుకుంటున్నారు, అదే నీరు, అదే లోతు, అదే ఎర.

చప్పుడే జే, అంటాడు ఆర్నీ, జయంతి అనడం ఆయన నోటికి పట్టక జే అయింది, నా ఇంజన్ చప్పుడుకే చేపలు బెదిరిపోతున్నాయి, వేసవి మొదలైన దగ్గర్నుంచీ ఇదే మాట, ప్రొపెల్లర్ మార్చాడు, బేరింగులు మార్చాడు, ఇంజన్ కింద రబ్బరు దిమ్మలు పెట్టించాడు, పడవలోని రేడియో తెచ్చి హెలెన్‌కిచ్చేశాడు, ఇంట్లో కూడా పిల్లిలా నడుస్తున్నాడమ్మా, చేపలు మా వంటింట్లో ఉన్నాయనుకుంటున్నాడేమో అని హెలెన్ మొగుడి మీద నవ్వుతూ చెప్పింది, చెబుతూ చెబుతూనే మొహం అటు తిప్పుకుంది, సోమవారం పడవ కొనేవాళ్లు వస్తున్నారు, ఈ శనివారం కూడా ఖాళీగా తిరిగొస్తే సంతకం పెట్టేస్తాడు, ముప్ఫై ఏళ్ల నుంచీ ఆ పడవే, రేపట్నించి పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తాడు ఆ మనిషి, అంది, ఆ మాటకేగా తను కాలేజీ ఫిజిక్స్ లాబ్‌లో ఈ మీటరు అడిగి తెచ్చుకున్నది, పాకే పిల్లను హెలెన్ ఒళ్లో పెట్టి బయల్దేరింది, లేకపోతే ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి ఇక్కడి పిల్లలకు ఓమ్ నియమం చెప్పుకుంటున్న దానికి చేపలతో ఏం పని, వంకాయను తప్ప దేన్నీ కోసి ఎరగని వంశం, ఇవాళ మాత్రం స్వామీ ఒక్కటైనా గాలానికి పడాలి అని మొక్కుకుంటోంది, చేప తరఫున ఎవరు మొక్కుతారో పాపం.

కానీ ఆ ఇంజన్ మీద నింద వేస్తే ఊరుకోవడం తన వల్ల కాదు, డబడబడబ, కాళ్ల కింద ఇప్పుడు కొట్టుకుంటున్న ఈ చప్పుడే, కిందటేడు, ఎనభై ఐదు నవంబరులో, గాలివాన మధ్యాహ్నం, నొప్పులు మొదలయ్యేసరికి నరసింహ ఏటి అవతలి ఒడ్డున ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాడు, తను ఇవతలి ఒడ్డున, మధ్యన ఉన్న ఒక్క వంతెననూ గాలికి మూసేశారు, ఫోన్‌లో ఆయన చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాడు, ఎంతమందికి పురుళ్లు పోసిన మనిషి, అప్పటికి పక్కింటి వాళ్లతో హలో తప్ప మరో మాట లేదు, కిటికీలోంచి చూసి ఏం అర్థమైందో ఆర్నీ గొడుగైనా లేకుండా వచ్చాడు, వంతెన లేకపోతే పడవ లేదా అన్నాడు, తడిసిన తాళ్లకట్టల మధ్య తను, తల హెలెన్ ఒళ్లో, ఇంజన్‌తో పాటు ఊపిరి తియ్యి తల్లీ, అదెలా కొట్టుకుంటే అలా, అంది హెలెన్, డబడబడబ, చుక్కాని దగ్గర్నుంచి ఆర్నీ అరుస్తున్నాడు, ఇది ఆగదు జే, ఇది ఎప్పుడూ ఆగలేదు, అవతలి ఒడ్డు చేరాక గంటలోపే శాంతి పుట్టింది, ఇప్పటికీ ఆ పిల్ల జోలపాటకు నిద్రపోదు, వాషింగ్ మెషీన్ వెయ్యాలి, ఆ చప్పుడును చేపలు కాదన్నాయంటే జయంతికి సొంతమనిషిని తిట్టినట్టే ఉంది.

ఆ మేలు ఎలా తీర్చుకోవాలో తెలియక మూడో నెలలో సత్యనారాయణ వ్రతం చేసుకుంది, వాళ్లిద్దర్నీ పిలిచింది, మోకాళ్లు మడవలేక ఆర్నీ గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, గోధుమనూక ప్రసాదం మూడుసార్లు పెట్టించుకున్నాడు, కథలో మునిగిన పడవ దేవుడి దయవల్ల మళ్లీ తేలుతుందని చెబితే కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు, అది విని ఆయన మొహం అలా వెలిగేసరికి తను ఆగలేకపోయింది, అన్నవరంలో కొన్న రాగి యంత్రం రేకును కుంకుమతో సహా తీసి ఆయన చేతిలో పెట్టేసింది, మీ పడవ చల్లగా ఉంటే మా పాప చల్లగా ఉంటుంది, అంది, నీళ్లు తగిలేట్టు పెట్టుకోండి, అని కూడా అంది, అలాగని ఎవరు చెప్పారు తనకు, ఎవరూ చెప్పలేదు, కలశం పక్కన చూసిన అలవాటు, నోటికొచ్చింది అనేసింది, ఆర్నీ మాత్రం దాన్ని డాక్టరు చీటీలా పాటించాడు, ఈల వేస్తే గాలి లేస్తుందని పడవలో ఈల కూడా వెయ్యనివ్వని మనిషి, రేకుకు చిల్లు చేసి, గొలుసు తగిలించి, వెనకవైపు ఇనపచట్రానికి కట్టి, రెండు తీగల మధ్యగా నీళ్లలోకి వేలాడదీశాడు, చూసి తను కళ్లనీళ్లు పెట్టుకుంది, టింగుటింగుమని పడవ చెక్కకు తగిలే ఆ చప్పుడు పొద్దుట్నుంచీ వింటూనే ఉంది, పూజగంటలా ఎంత హాయిగా ఉందో.

సరే, వచ్చిన పని చూడు, ముసలి జాలర్లు ఒక మాటంటారు, ఉప్పునీళ్లలో తీగకూ పడవ ఇనుముకూ మధ్య ఎంతో కొంత కరెంటు ఉంటుంది, సగం వోల్టు పైన చిల్లర ఉంటే చేప వస్తుంది, అది తప్పితే దగ్గరిదాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది, కొందరు ఒట్టేసి చెబుతారు, కొందరు నవ్వుతారు, కాలేజీలో అయితే అందరూ నవ్వారు, నవ్వనీ, ఇక్కడ ముల్లు అందులో సగం దగ్గరే వేలాడుతోంది, దీపాల స్విచ్చి తీయించింది, అంతే, నీళ్లు తోడే పంపు ఆపించింది, అంతే, బాటరీ తీగ విప్పించింది, అంతే, ఇంజన్ కూడా ఒక్క నిమిషం ఆపండి అనేసరికి ఆర్నీ తటపటాయించాడు, తర్వాత ఆపాడు, ఎంత నిశ్శబ్దం, నీళ్లు చెక్కను నాకుతున్న చప్పుడు తప్ప మరేం లేదు, ముల్లు కదల్లేదు, ఇంజన్‌దేం తప్పు లేదు ఆర్నీ, వోల్టేజీ తప్పడం దానివల్ల కాదు, అని అరిచింది, పిల్ల పాసైనంత సంతోషంగా అరిచింది, మరయితే దొంగ ఎవరు, పడవ ఇనుమును ఉప్పునీరు తినకుండా అడుగున కట్టే జింకు దిమ్మలు ఏడాది రావాలి, ఈసారి రెండు నెలలకే చెదలు తిన్నట్టయ్యాయని ఆర్నీ పొద్దున అన్నాడు, జింకును తినేదేదో ఉంది, ఎక్కడో.

పెద్ద అల వచ్చింది, పడవ వెనకభాగం లేచింది, కడుపు కూడా లేచింది, టింగుమంది, ముల్లు పైకి ఎగిరింది, పడవ కిందికి దిగింది, ముల్లు దిగింది, కళ్లు తిరిగి అలా కనపడిందేమో, మళ్లీ అల, మళ్లీ టింగు, ముల్లు మళ్లీ ఎగిరింది, సగం వోల్టు దాటింది, నీళ్లు కారుతూ రేకు గాలిలో ఊగుతోంది, దిగింది, మునిగింది, ముల్లు పడింది, అయ్యో, అయ్యయ్యో, జింకు, రాగి, మధ్యన ఉప్పునీళ్లు, ప్రతి సెప్టెంబరులో మొదటి క్లాసులో బోర్డు మీద తను గీసే మొట్టమొదటి బొమ్మ, బాటరీ బొమ్మ, పిల్లలు నిద్రపోతూ కూడా వేసే బొమ్మ, దాన్ని తీసుకొచ్చి మంచిమనిషి పడవకు వేలాడదీయించింది, కుంకుమ పెట్టి మరీ, వేసవంతా ఆయన ఇంజన్‌ను తిట్టుకుంటూ, ప్రొపెల్లర్‌ను తిట్టుకుంటూ తిరిగాడు, ఇంట్లో పిల్లిలా నడిచాడు, స్వామీ ఇది నీ పనా అనబోయి నాలుక కరుచుకుంది, ఆయన రాగి అడిగాడా, ఉప్పునీళ్లు అడిగాడా, పాపం ఆయన్ని ఎందుకనడం.

గొలుసు పట్టుకుని పైకి లాగింది, చల్లగా, పాచి పట్టి, యంత్రం గీతలు పచ్చబడి, కళ్లకద్దుకుంది, స్వెటర్‌తో తుడిచింది, ముల్లు నెమ్మదిగా సగం వోల్టు దాటి, ఇంకొంచెం పైకి వెళ్లి, అక్కడ నిలబడిపోయింది, ఆర్నీ ఇదే, ఇదే కారణం, నేనే, నేనిచ్చిందే, నీళ్లలో పెట్టమని నోరుజారిందీ నేనే, నన్ను క్షమించండి, ఇది తీసేద్దాం, అంది, ఆయన మీటరు వైపు చూడనే లేదు, తన మొహం వైపు చూశాడు, గడ్డం గోక్కున్నాడు, ఇంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించి, తీస్తే పాపకేం కాదుగా, అన్నాడు.

ఏమిటీ, అంది తను, హెలెన్ జూన్‌లోనే చెప్పింది జే, అన్నీ మార్చావు, ఆ ఒక్కటీ తీసి చూడు అని, నేనే ఒప్పుకోలేదు, పడవ చల్లగా ఉంటే పాప చల్లగా ఉంటుందన్నావుగా నువ్వు, తీశాక పిల్లకు జలుబు చేసినా నేను తట్టుకోలేను, కొనేవాళ్లతో కూడా చెప్పాను, పడవ మీరు తీసుకోండి, ఆ రేకు మాత్రం ఇవ్వను, మా ఇంటి ముందు తొట్టిలో నీళ్లు పోసి అందులో ఉంచుకుంటానని, అన్నాడు, జయంతికి కళ్లు మసకబారాయి, కాదు, ఏడుపే, ఏడుపని చెప్పుకోవడానికి సిగ్గేమిటి, ఏమీ కాదు ఆర్నీ, దేవుడికి పొడి చోటు కూడా బాగానే ఉంటుంది, చుక్కాని దగ్గర మేకుకు తగిలిద్దాం, పాపకేం కాదు, నేను చెబుతున్నాగా, అంది, ఆయన తలూపి, రేకును రెండు చేతుల్లో పట్టుకుని జాగ్రత్తగా లోపలికి పట్టుకెళ్లాడు, విప్పిన బాటరీ తీగ మళ్లీ బిగించాడు, ఇంజన్ దగ్గినట్టు దగ్గి అందుకుంది, డబడబడబ, అరుచుకో, ఎంత కావాలంటే అంత అరుచుకో తల్లీ, అని చెక్కను నిమిరింది తను, నీలం పడవ వైపు చూడలేదు, మొక్కుకోనూ లేదు, పక్కకు చాచిన పొడుగు కర్ర చివర, చేప పడితే మోగేలా కట్టిన గంట ఒకసారి మోగింది, ఆగింది, ఆ వెంటనే ఆగకుండా మోగింది, ఆర్నీ లోపల్నించి పరిగెత్తుకొచ్చి చెవిలో ఏదో అరిచాడు, ఆ చప్పుళ్లలో వినపడలేదు, వినపడనక్కర్లేదు, తను మీటరు పెట్టె మూసి ఒళ్లో పెట్టుకుని తీగను చుడుతున్న ఆయన తడిచేతుల్నే చూస్తూ ఉండిపోయింది, గాలివాన మధ్యాహ్నం శాంతిని అవతలి ఒడ్డుకు దింపడంతో ఆయన చేసిన మేలు పూర్తయిందనుకుంది ఇన్నాళ్లూ, ఆయన మాత్రం వేసవి పొడుగునా, ఒక్క చేపా లేకుండా, ఆ పిల్లను ఇంకా ఒడ్డుకు చేరుస్తూనే ఉన్నాడు.