ఊపిరి ముక్కల బొంత

ఆ ఇంట్లో పొద్దున్నే రెండు రకాల ముక్కలు ఊడ్చేవాళ్లు. కుట్టుమిషను కింద పడ్డవి గుడ్డ ముక్కలు, కంప్యూటరు కింద పడ్డవి వీడియో ముక్కలు. మొదటివి దర్జీపని చేసే ఆ ఇంటి ఇల్లాలు కత్తిరించినవి. రెండోవి ఆవిడ మొగుడు కత్తిరించినవి. ఆయన వీడియోలోంచి ఏది కోసినా అది బల్ల వెనకనుంచి జారి నేలమీద పడేది, సన్నగా, రంగు రిబ్బను పీలికలా, కాస్త వెచ్చగా. చెవి దగ్గర పెట్టుకుంటే లోపలున్నది వినబడేది. చీపురుకి చుట్టుకుంటున్నాయని కొత్తలో ఆవిడ తల్లి విసుక్కుంది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పెద్దావిడ రెండు రకాల ముక్కల్నీ ఏరి మంచం కింద ఉన్న దిండుగలీబులో కుక్కేది. ఒకప్పుడు ఆవిడా దర్జీయే. బట్ట కుట్టించుకున్నవాళ్లు దాన్ని తొడుక్కుని, నడిచి, కూర్చుని, బాగుందని చెప్పేదాకా దాని తాలూకు పీలిక కూడా బయటికి పోకూడదన్నది ఆవిడ పద్ధతి.

"వీడియోని ఎవరు తొడుక్కుంటారు అత్తయ్యా?" అని అల్లుడు నవ్వేవాడు.

"ఏమో బాబూ, ఏ పుట్టలో ఏ పాముందో" అనేది.

అల్లుడిది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. సాయంత్రం చెప్పులు విప్పగానే కంప్యూటరు ముందు చేరేవాడు. భార్య కుట్టు నేర్పుతూ మాట్లాడితే ఫోనుతో తీసి, ఉచితంగా దొరికిన సాఫ్ట్‌వేరులో కోసి, అతికి, లోకం మీదికి వదిలేవాడు. ఆ సాఫ్ట్‌వేరులో కొయ్యడానికి నొక్కే గుర్తు కత్తెర బొమ్మ. అందుకని వీధిలో అందరూ ఆయన్ని కత్తెరాయన అనేవాళ్లు. కత్తెర పట్టి బతికేది పెళ్లాం, పేరొచ్చింది మొగుడికి. లోకం తీరే అంత.

నిజం చెప్పాలంటే మనిషి పనిమంతుడే. ఆవిడ మాట తడబడ్డ చోట కోసేసి, ఆ అతుకు కనబడకుండా పైన ఆవిడ చేతుల్ని దగ్గర్నుంచి తీసిన బొమ్మ పరిచేవాడు. వెనక ఫ్యాను హోరు, వీధి రొద తుడిచేసేవాడు. కొన్నాళ్లకి వినడం కూడా మానేశాడు. తెరమీద గొంతు ఒక గీతలా కనబడుతుంది కదా, మాట్లాడితే గుట్టల్లా లేస్తుంది, ఊపిరి తీసుకున్న చోట చదునుగా ఉంటుంది. చదును కనబడితే కొయ్యడమే. ఆ కాస్త ఆలస్యానికే చూసేవాళ్లు పాఠం వదిలి పోతారని ఆయన భయం. "మీ ఆవిడ గడగడా భలే చెబుతుందండీ" అని మీటరు చూడ్డానికి వెళ్లిన ఇంట్లో ఎవరైనా అన్నారో, ఆ పూట ఆయనకి తిండి అక్కర్లేదు.

ఆవిడ మాత్రం తన పాఠం చూసుకుని మొహం చిట్లించేది.

"ఏవండీ, మరీ ఇంత బిగుతా? చంక దగ్గర వేలెడు గుడ్డ వదలకపోతే చెయ్యెత్తగానే పిగిలిపోతుంది. నన్ను ఊపిరైనా పీల్చుకోనివ్వరా?"

"చూసేవాళ్లకి నీ ఊపిరెందుకే? వాళ్లకి కాలరు కావాలి."

ఆవిడ నవ్వేది. నవ్వుతూ దగ్గేది.

దగ్గితే తెరమీద గీత ముల్లులా నిటారుగా లేస్తుంది. మొదట్లో పాఠానికి ఒకటో రెండో ముళ్లుండేవి. తర్వాత్తర్వాత వరసగా వచ్చాయి. ఆయన కంప్యూటరు శబ్దం ఆపేసి, కళ్లతోనే చూసుకుంటూ, ప్రతి ముల్లునీ దాని ముందున్న ఊపిరితో సహా ఏరేశాడు. మిషను చప్పుడులో ఎవరి దగ్గు ఎవరికి పట్టింది? ఎప్పుడైనా చెవిన పడితే గుడ్డ దుమ్మనుకున్నారు. ఆవిడా అదే అనుకుంది.

ఒకరోజు పాఠం మధ్యలో ఆవిడ చేతిలో కత్తెర జారి కింద పడింది. వెనకే ఆవిడా పడింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్సరేని వెలుతురుకి పట్టుకుని చూసింది. "ఈ దగ్గు ఎప్పట్నుంచి?" అంది.

"ఈమధ్యేనండీ" అన్నాడు కత్తెరాయన. "కావాలంటే పాఠాలన్నీ చూడండి. ఒక్కచోట కూడా దగ్గలేదు."

ఫోను తీసి చూపించాడు కూడా. తెరమీద ఆవిడ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది.

"ఇంత ముదరాలంటే ఏళ్లు పడుతుందండీ. మొదట్లోనే తీసుకొచ్చుంటే బతికించుకునేవాళ్లం" అని డాక్టరమ్మ ఎక్సరే కవర్లో పెట్టేసింది. ఇంటికి తీసుకెళ్లమన్నారు.

పెద్దావిడ దిండుగలీబు తెచ్చి నేలమీద బోర్లించింది. ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పడి గదంతా దగ్గు లేచింది. గలీబు అడుగునుంచి వచ్చిన పాతవి గొంతు సవరించుకున్నంత చిన్నవి. కొత్తవి వినలేకపోయారు.

"ఇన్నా?" అన్నాడు కత్తెరాయన.

"మీరు కోశారు, నేను ఊడ్చాను. ఇద్దరం వినలేదు" అంది పెద్దావిడ.

ఆయన ఆ కుప్ప పక్కనే కూలబడి ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆయనకి ఆ రోజు తెలిసింది.

పెద్దావిడకి ఏడ్చే తీరిక లేదు. ఒక ముక్క తీసి కూతురి గుండెమీద పెట్టింది. కూతురి గుండె నిండుగా పొంగి, ఊపిరి అందింది. దాని వెంటే దగ్గూ వచ్చింది. ముక్క తెల్లబడిపోయింది. ఊపిరినీ దగ్గునీ విడదీద్దామని పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది గానీ, అల్లుడు రెండింటినీ కలిపే కోశాడు. ఒకటి తెంపితే రెండోదీ చస్తుంది. చేసేది లేక ఉన్నవి ఉన్నట్టే ఒకదానికొకటి కుట్టి బొంత చేసి కూతురికి కప్పింది.

ఆవిడ సొంత ఊపిరి అందనప్పుడల్లా ఒక ముక్క తన ఊపిరిచ్చి తెల్లబడేది. మాట్లాడితే గబగబా తెల్లబడేవి. కత్తెరాయన సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నాడు. రంగున్న ముక్కల్ని చూసుకుంటూ, "కదలకుండా పడుకున్నావంటే చలికాలం దాటేస్తాం. నోరు విప్పకు" అనేవాడు.

ఆవిడ విప్పింది. "కాజాల పాఠం చెబుతానని చూసేవాళ్లకి మాటిచ్చానండీ. చొక్కా అంతా నేర్పించి, గుండీలు పెట్టుకోవడం నేర్పకపోతే ఎలా?"

"ప్రాణం మీదికొస్తే కాజాలేంటే!"

"పడుకుని ఎన్నాళ్లు బతికినా పడుకునే ఉంటానుగా. ఫోను పెట్టండి. ఒక్కటే మాట. ఈసారి కత్తెర ముట్టుకోవద్దు."

ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చేతులు పట్టుకున్నాడు. ఆవిడ తల్లివైపు చూసింది. పెద్దావిడ గోడవైపు తిరిగి, "పెట్టండి బాబూ" అంది.

ఆవిడ బొంత భుజాలమీదికి లాక్కుని, వెనక దిండ్లు పెట్టించుకుని, సూది పట్టుకుంది. ఒక మాట చెప్పి ఆగింది. దగ్గింది. మళ్లీ చెప్పింది. దారం తెగితే మళ్లీ ఎక్కించుకుంది. ఫోను పట్టుకున్న కత్తెరాయనకి బొంతమీద రంగులు ఒక్కొక్కటే పోవడం కనబడుతూనే ఉంది. అయినా ఆపలేదు. "చివర్న దారం రెండుసార్లు చుట్టి ముడెయ్యండమ్మా, లేకపోతే ఊడొచ్చేస్తుంది" అని ఆవిడ పాఠం ముగించింది. సాయంత్రానికి బొంత మొత్తం తెల్లబడింది. ఆవిడ పోయింది.

ఆయన ఆ పాఠాన్ని కొయ్యకుండా, తుడవకుండా అలాగే వదిలాడు. మర్నాడు పెద్దావిడ అలవాటు చొప్పున చీపురు పట్టుకుంటే కంప్యూటరు కింద ఊడవడానికి ఏమీ లేదు.

పాఠం కింద చాలామంది విసుక్కున్నారు. దగ్గు వినలేక చస్తున్నాం, ఎడిటింగ్ మర్చిపోయారా అని రాశారు. కొన్నాళ్లకి ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఇలా రాసింది:

"మీ కాజాల పాఠం పెట్టుకుని కుట్టుకుంటున్నానండీ. మా అమ్మాయి పక్కగదిలోంచి వచ్చి, 'ఇప్పుడు దగ్గింది నువ్వా, ఆవిడా?' అంది. ఇద్దరి దగ్గూ అచ్చం ఒకేలా ఉందట. వద్దంటున్నా ఆస్పత్రికి లాక్కెళ్లింది. మొదట్లోనే దొరికింది, తగ్గిపోతుందన్నారు. అక్కకి చెప్పండి."

కత్తెరాయన దాన్ని అత్తగారికి చదివి వినిపించాడు. పెద్దావిడ రెండోసారి చదివించుకుంది.

"బాగుండనీ" అంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎక్కడో పక్కగదిలో ఉన్న పిల్లకి వినబడింది బాబూ నా కూతురి దగ్గు. మనకే వినబడలేదు" అంది.

ఆయన పాత పాఠాలు తెరిచాడు. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ చూశాడు. ఎందులోనూ ఆవిడ ఊపిరి తీసుకోదు. తిరిగి అతుకుదామంటే బొంతలో తెల్ల పీలికలు తప్ప ఏమీ మిగల్లేదు. అవన్నీ మూసేసి, కాజాల పాఠం ఒక్కటే పెట్టి, శబ్దం పెంచాడు. పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. తెరమీద ఆవిడ సూదిలోకి దారం ఎక్కించి, ఆగి, ఊపిరి పీల్చుకుంది.