చెక్కుబంది ప్రకారం వదినగారి ఇల్లు

చిత్తూరులో రిజిస్ట్రారు కచ్చేరి ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసే మునిరామయ్యకు నోటిమాట మీద బొత్తిగా నమ్మకం లేదు. బయట వాన పడుతోందని భార్య చెబితే, చూరు కిందినుంచి చెయ్యి చాపి, అది తడిస్తేనే ఒప్పుకునే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆయన రాసిన ప్రతి ఇంటికీ, ప్రతి పొలానికీ తూర్పున ఫలానా, దక్షిణాన ఫలానా అని నాలుగు హద్దులు ఉంటూ వచ్చాయి. ఆ హద్దుల వివరాన్నే చెక్కుబంది అంటారు. చెక్కుబంది సరిగ్గా ఉంటే ఊరు తెలియనివాడు కూడా ఎవరినీ అడక్కుండా నేరుగా ఆ ఇంటి గడప తొక్కవచ్చునని ఆయన చెబుతుండేవాడు. చెప్పడమేగాని, అలా ఎవరైనా తొక్కిన దాఖలా లేదు. డెబ్బై తొమ్మిదో సంవత్సరం మాఘమాసంలో ఆ ముచ్చట కూడా తీరింది. తొక్కబోయినవాడు ఆయనే.

ఆ నెలలో శ్రీకాళహస్తినుంచి ఆయన భార్య శకుంతలమ్మకు ఒక కార్డు వచ్చింది. రాసింది ఆమె అక్క చంద్రకాంతమ్మ. "ఆదివారం ఇంట్లోనే ఉంటాను. రాదలుచుకుంటే రావచ్చు." అంతే. క్షేమసమాచారం లేదు, ఆశీస్సులు లేవు. ఆరేళ్ళలో అక్క రాసిన మొదటి రెండు వాక్యాలు అవి. శకుంతలమ్మ వాటిని పొయ్యి దగ్గర ఒకసారి, తులసి దగ్గర ఒకసారి చదువుకుని, బియ్యం డబ్బాలో దాచుకుంది.

ఆరేళ్ళ కింద చంద్రకాంతమ్మవాళ్ళు కాళహస్తిలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశారు. ఆ స్థలం దస్తావేజు రాసిపెట్టింది మునిరామయ్యే. బంతిలో ఆకులు వేసి, పప్పు వడ్డించి, నెయ్యి తెచ్చే వేళకు చంద్రకాంతమ్మ భర్త పరంధామయ్య నవ్వుతూ, "మా షడ్డకుడు మహా రాతగాడు. 'దక్షిణం'లో వత్తు మాత్రం మింగేసినాడు," అన్నాడు. బంతంతా నవ్వింది. మునిరామయ్య వడ్డించిన ఆకు ముందునుంచి లేచాడు. ఆడవాళ్ళ బంతిలో ఉన్న భార్యను కూడా లేపుకుని బస్సెక్కాడు. రాతలో ఒక వత్తు తప్పిపోతే దిద్దుకోవచ్చుగాని, గృహప్రవేశం నాడు కలిపిన అన్నం వదిలి లేస్తే దాన్ని దిద్దే కాగితం లేదని ఆయనకు అప్పుడు తోచలేదు. తరువాత తోచినా, ఒప్పుకున్నట్టు సాక్ష్యం లేదు.

"ఆదివారం పోదాం," అన్నాడు మునిరామయ్య. "కాని ఒకటి. దర్శనం కాకుండా మెతుకు ముట్టగూడదు. దర్శనమైనాక ఒకరింటికి పోగూడదు. కాళహస్తిలో మొక్కినాక నేరుగా ఇంటికి రావాల. మన దోషం తీసకపోయి ఇంకొకరి గడపలో దించగూడదు గదా. అందుకని ముందు మీ అక్క ఇంటికి పోయి, రెండు మాటలు మాట్లాడి, మంచినీళ్ళు తాగి, గుడికి పోదాం."

"తినకుండా లేచొచ్చినందుకే ఆరేండ్లు మాటల్లేవు. మళ్ళా తినకుండా లేచి వచ్చేదానికి ఇంత దూరం పోవాల్నా? కార్డు రాస్తే సాలదా?"

"అయితే గుడికి పోకుండా వద్దామా?"

కాళహస్తికి పోయి దేవుణ్ణి చూడకుండా తిరిగి రావడం ఆ ఇంట్లో ఎవరి ఊహకూ అందే విషయం కాదు. శకుంతలమ్మ ఒక్క మాట మాత్రం చెప్పింది. "ఈసారి గూడా ఆమె ఇంట్లో కూడు తినకుండా వస్తే, నాకు ఇంక అక్క లేదు. గుర్తు పెట్టుకో."

తొలి బస్సుకు బయలుదేరి, తిరుపతిలో మారి, రేణిగుంట దాటి కాళహస్తిలో దిగేసరికి ఎనిమిది గంటలైంది. గోపురాలు తలెత్తి చూసేంత ఎత్తున, దారులు తల వంచి చూసుకోవలసినంత ఇరుకున ఉన్న ఊరు అది. స్టాండు బయట రిక్షామీద కూర్చుని ఉన్న వెంకటముని, యాభై దాటినవాడు, "యాడికి సామీ?" అన్నాడు.

మునిరామయ్య సంచిలోంచి దస్తావేజు నకలు తీసి, కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. "తూర్పున పది అడుగుల బండ్ల దారి. దక్షిణాన ప్రేమానందం ఖాళీ జాగా. పడమర స్వర్ణముఖీ నది. ఉత్తరాన గోవిందయ్య ఆవుల కొట్టం. ఈ నాలుగింటి నడుమకు."

వెంకటముని రిక్షా దిగి శకుంతలమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, సామికి ఒంట్లో బాగుండాది గదా?"

"ఒళ్ళు బాగనే ఉండాది. ఇది వేరే."

"ఎవురిల్లో పేరు సెప్పకూడదా?"

ఆమె నోరు తెరిచేలోగా మునిరామయ్య అడ్డం వచ్చాడు. "పేరు సెబితే నలుగురు నాలుగు దోవలు సూపిస్తారప్పా. కాగితానిది ఒకటే దోవ. ముందు ఏటికాడికి పోనీ. హద్దుల్లో కదలనిది అదొక్కటే."

ఏరు నిజంగానే కదల్లేదు. కదలడానికి అందులో నీళ్ళు ఉండాలి. పేరు స్వర్ణముఖి అయినా, చూడవచ్చినవాడికి కనిపించేది తెల్లటి ఇసుక, దానిమీద ఆరేసిన అద్దకం గుడ్డలు, నడుమ ఒక సన్నటి పాయ, అవతల తీరిగ్గా పోతున్న ఎడ్లబండి. అంత పొడుగు నదికి తూర్పు ఒడ్డున ఎన్ని ఇండ్లుంటాయో అన్నిటికీ పడమటి హద్దు నదే. ఈ సంగతి మునిరామయ్యకు ఒడ్డున నిలబడ్డాకగాని తట్టలేదు.

"ఏరు పడమరనే ఉండాది సామీ," అన్నాడు వెంకటముని ధైర్యం చెబుతున్నట్టు. "దాన్ని మార్సే ఆఫీసు ఇంకా మా ఊరికి రాలే."

"ఆవుల కొట్టం సూడు."

"యాడా ఆవుల్లేవే."

"అయితే ఖాళీ జాగా సూడు."

"ఏటిగట్టున ఖాళీ జాగానా? అది దొరికితే నేనే గుడిసె ఏసుకుంటా సామీ."

బండ్ల దారి కోసం పోతే తారు రోడ్డు వచ్చింది. మునిరామయ్య రిక్షా దిగి, అడుగు ముందర అడుగు పెట్టి దాని వెడల్పు కొలిచాడు. పద్దెనిమిది. "ఇది కాదు," అని మళ్ళీ ఎక్కాడు. గుడ్డ మూటలు మోసుకుపోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి ఆ కొలతను ఆసక్తిగా చూశారు. అదే దారిన పైకి, అదే దారిన కిందికి, మళ్ళీ పైకి తిరిగారు. తిరిగిన ప్రతిసారీ నీలం తలుపుల ఇల్లొకటి ఎదురైంది. రెండోసారి దాన్ని చూసి మునిరామయ్య, "ఎవరిదో గాని, ఇంగితం లేని మనిషి. మెట్లు దోవలోకి దింపుకున్నాడు," అని తప్పు పట్టాడు. ఇద్దరూ అక్క ఇంటికి వచ్చింది ఒక్కసారే. ఆ రోజు తలుపులకు రంగు కూడా వెయ్యలేదు. శకుంతలమ్మకు గుర్తున్నది ఆకులో చల్లారుతున్న పప్పే.

"ఒక్కరినన్నా అడగవయ్యా," అంది మూడోసారి.

"అడిగితే కాగితం ఎందుకు?"

"అదే నేనూ అడుగుతుండేది."

అంతలో గుడిలో గంటలు మోగాయి. పది దాటింది. ఇంకా ఆలస్యమైతే పొద్దుటి అభిషేకం అయిపోతుంది. మునిరామయ్య కాగితం మడిచి సంచిలో పెట్టి, "గుడికి పోనీ," అన్నాడు.

"మరి మా అక్కిల్లు?"

"స్వామే దోవ సూపిస్తాడులే."

కాళహస్తిలో స్వామి వాయువు. వాయువుకు నాలుగు దిక్కులూ ఒకటే. అయినా మునిరామయ్య ఆయన మీదే భారం వేశాడు. ఇరవై రెండేళ్ళలో రాతపూర్వకంగా కాని హామీని ఆయన నమ్మింది అదొక్కసారే.

అభిషేకం కళ్ళారా చూశారు. గర్భగుడిలో గాలి చొరబడే సందు లేకపోయినా ఒక దీపం మాత్రం ఊపిరి తీస్తున్నట్టు కదులుతూనే ఉంది. మునిరామయ్య కన్ను ఆర్పకుండా దాన్నే చూశాడు. మామూలుగా అయితే దానికి కారణం వెతికేవాడే. ఆ పూట వెతకలేదు, మనసు చల్లబడి ఊరుకున్నాడు. శకుంతలమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిలించింది. ఏం కోరుకుందో ఆయన అడగలేదు. అడగకుండానే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి.

బయటికి వచ్చేసరికి వెంకటముని కాచుకునే ఉన్నాడు. ఇలాంటి బేరాన్ని మధ్యలో వదిలిపోవడానికి ఆయనకు మనసొప్పలేదు. శకుంతలమ్మ ఎక్కుతూనే అంది. "అప్పా, అద్దకం గుడ్డల పరంధామయ్య అని ఉండాడు. ఆయనిల్లు నీకు తెలుసునా?"

"పరంధామయ్యా? నీలం తలుపులిల్లు గదా తల్లీ. పొద్దున్నించి మూడు మార్లు దాని ముందరే పోతిమే."



"ముందే సెప్పేదానికేమి?" అన్నాడు మునిరామయ్య.

"నువ్వు పేరు సెప్పినావా సామీ? గోవిందయ్య ఆవులంటివి. ఆయన ఆవుల్నమ్మి నాలుగేండ్లాయె, ఆడ ఇప్పుడు కాఫీ హోటలుండాది. ప్రేమానందమయ్య జాగాలో మిషను కుట్టేది నేర్పే బడి కట్టినాడు. బండ్ల దోవ నువ్వు కొలిస్తివే, అదే."

మునిరామయ్య విభూతి నలగకుండా నుదురు తుడుచుకున్నాడు. "సరే. ఇప్పుడేం జేస్తాం? దర్శనమైపోయింది. బస్టాండుకు పోనీ."

"ఆగప్పా," అంది శకుంతలమ్మ. రిక్షా ఆగింది. ఆమె భర్త వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నువ్వు రాతగాడివి గదా. ఆ మాట ఎట్లుండాదో ఒకసారి సెప్పు."

"ఏ మాట?"

"దర్శనమైనాక ఏం సెయ్యాల?"

"నేరుగా ఇంటికి పోవాల."

"ఇంటికి అంటే? ఎవరి ఇంటికి? పేరుండాదా? ఊరుండాదా? తూర్పు ఏమి, పడమర ఏమి?"

ఇంత పెద్ద నిబంధనకు చెక్కుబంది లేదన్న సంగతి మునిరామయ్య అంతవరకూ గమనించనేలేదు. ఇలాంటి దస్తావేజు ఎవరైనా తన బల్లమీదికి తెచ్చి ఉంటే మొహాన కొట్టి పంపేవాడు.

"మా నాయన పోయినాక నన్ను సాకింది మా అక్క," అంది ఆమె. "నా పెండ్లికి కొంగున ముడేసింది ఆమె. అది నా ఇల్లు గాదని యాడ రాసుండాదో సూపించు. అప్పుడు బస్టాండుకు పోదాం."

చూపించడానికి ఏమీ లేదు. ఈ గోపురం నీడలోనే వేలమంది కాపురాలు చేస్తున్నారు, రోజూ మొక్కుతున్నారు, మొక్కి పక్కింటికి పోయి మజ్జిగ అడుగుతున్నారు. వాళ్ళందరి దోషం ఎక్కడికి పోతున్నట్టు? మునిరామయ్యకు ఈ అనుమానం మొదటిసారి వచ్చింది. గుడి ముందరే ఇలాంటి అనుమానం రావచ్చా అని ఇంకో అనుమానం కూడా వచ్చింది. రెండింటినీ మింగి, "పోనీ అప్పా," అన్నాడు. ఎక్కడికో ఆయన చెప్పలేదు, వెంకటముని అడగలేదు.

నీలం తలుపు తెరిచింది చంద్రకాంతమ్మే. వెంట్రుకలు సగానికి సగం నెరిశాయి. చెల్లెల్ని చూసింది, మరిది నుదుటి మీద తడి ఆరని విభూతిని చూసింది.

"దర్శనమయిందా?"

కాలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. మునిరామయ్యకు అది కూడా చేతకాలేదు. "అయింది వదినా."

"అయినాక ఒకరింటికి పోగూడదంటారు గదా." ఆమె లోపలికి ఒకసారి చూసింది. "మా కోడలికి ఏడో నెల. ఉయ్యాల మీద పండుకోనుండాది."

శకుంతలమ్మ మొదటి మెట్టు మీద పెట్టిన కాలు తీసి కింద పెట్టింది. గుడి ముందర మొగుణ్ణి నోరెత్తకుండా చేసిన మాటలు ఆమెకే ఇప్పుడు ఆనలేదు. "నాకు తెల్దక్కా," అంది. "బిడ్డకు ఏమన్నా అయితే నేను తట్టుకోలేను. నిన్ను సూసినా గదా, సాలు. పోయొస్తాం."

"పోయేది నీకు బాగనే అలవాటు," అంది చంద్రకాంతమ్మ.

శకుంతలమ్మ తల దించుకుని తిరిగింది. మునిరామయ్య అప్పటికే రిక్షా వైపు రెండడుగులు వేశాడు. వెనక తలుపు చప్పుడైంది. మూసుకుందనే అనుకున్నారు. కాని చంద్రకాంతమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"ఒకరింటికి పోగూడదన్నారు, నిజమే," అంది. "నువ్వెప్పుడు ఒకరివైనావే? ఒకరివైతే ఆరేండ్లు నేనెందుకు ఏడుస్తా? కాళ్ళు కడుక్కో. పొద్దున్నించి నీ కోసరమే ఎసురు పెట్టుకోని కూర్చోనుండా. మా కోడలికి నేనే సెప్తా, మీ సిన్నత్త వచ్చిందని."

చెల్లెలు చెయ్యి చాపలేదు. అక్కే వంగి నీళ్ళు పోసింది. శకుంతలమ్మ తడి కాళ్ళతో గడప దాటిపోయింది.

మునిరామయ్య కూడా చెప్పులు విడిచాడు. చంద్రకాంతమ్మ చెంబు వెనక్కి తీసుకుంది.

"నీ సంగతి వేరే మరిదీ. నువ్వు ఒకరివే. మా బిడ్డ కడుపుతో ఉండాది, నీకేమో నియమాలు జాస్తి. అరుగు మీద కూర్చో. ఆకు ఈడికే వస్తాది. ఈసారి లేస్తే మాత్రం కాలు ఇరగ్గొడతా."

మునిరామయ్య అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో పోయేవాళ్ళందరూ చూసేటట్టు కూర్చున్నాడు. వెంకటముని రిక్షాకు ఆనుకుని, వచ్చిన పెద్దమనిషికి జరుగుతున్న మర్యాదను పూర్తిగా చూసిగాని కదలలేదు. ఆకు వచ్చింది. పప్పు, వంకాయ, నెయ్యి వచ్చాయి. నియమానికి నియమం నిలిచింది, కడుపుకు కూడు దొరికింది అని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నంత గట్టిగా నమ్మలేకపోయాడు.

లోపలినుంచి ఇద్దరి గొంతులూ వినిపిస్తున్నాయి. ముందు ఏడుపు, తరువాత దెప్పిపొడుపు, ఆ తరువాత ఎవరి పెళ్ళిదో ఒక కథ, దానిమీద నవ్వు. కోడలి గొంతు కూడా నడుమ నడుమ కలుస్తోంది.

"వదినా, చారు," అన్నాడు మునిరామయ్య.

ఎవరూ రాలేదు. లోపల కథ మంచి పట్టులో ఉంది. ఆయన ఇంకోసారి కొంచెం గట్టిగా అడిగి చూశాడు. తరువాత, పప్పుతోనే రెండోసారి అన్నం కలుపుకున్నాడు.