పేరు తప్పిన క్రిమి

నేను ఒక తీగముక్కని. జానెడు పిడి చివర బిగించిన వేలెడు ప్లాటినం తీగ, దాని కొసన ఆవగింజ పట్టేంత సున్నా. ప్రయోగశాలల్లో నన్ను లూపు అంటారు. బొంబాయిలో నన్ను సాగదీసి వంచిన పనివాడు అదే లోహంతో ఉంగరాలు కూడా చేసేవాడు. నా తోబుట్టువులు కొందరు పెళ్ళిళ్ళకు వెళ్ళారు. నేను రోగాలకు వచ్చాను.

నా పని తేలికే. మంటలో ఎర్రగా కాలాలి, చల్లారాలి. రోగి నెత్తురు నుంచో చీము నుంచో పెరిగిన క్రిముల్ని తాకి, గాజు పళ్ళెంలో వాటికి మేతగా పోసిన అగరు జెల్లీ మీద ముగ్గు గీసినట్టు గీయాలి. మళ్ళీ మంటలో కాలాలి. మనుషులు ఒక్కసారి చెయ్యి కాలితే ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. నాకు అది రోజూ తెల్లారేసరికి మొదలయ్యే వ్యవహారం.

నన్ను కొన్నవారు డాక్టర్ కొల్లూరి సూర్యప్రకాశం గారు. గోదావరి డెల్టాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో సూక్ష్మజీవ శాస్త్రం చెప్పేవారు. పాఠం బాగా చెప్పేవారు, విద్యార్థుల మీద నోరు పారేసుకునేవారు కాదు. ఒక వానాకాలంలో ఆస్పత్రిలో నలుగురు రోగులు జ్వరంతో చనిపోయారు. నలుగురి నెత్తురులోనూ ఒకే రకం క్రిమి పెరిగింది. ఇది రోగుల ఒంట్లోది కాదు, వార్డు కుళాయి నీళ్ళలోంచి పరీక్షలోకి చొరబడిందని ఆయన తేల్చారు. ఆ మాటే ఒక పరిశోధన పత్రంగా అచ్చయింది. దానితో ఆస్పత్రికి కొత్త పైపులు వచ్చాయి, ఆయనకు ప్రొఫెసర్ పదవి వచ్చింది. పైపులు మాత్రం నిజంగా మంచివి.

ఆ రోజుల్లో ఆయన దగ్గరే ఎం.డి. చేసిన డాక్టర్ గెడ్డం ఎస్తేరురాణి అదే విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన రోజున ఆయన నన్ను ఆమె చేతిలో పెట్టారు.

"ప్లాటినం అమ్మా. చప్పున చల్లారుతుంది. నిక్రోం తీగలకి ఈ వాటం రాదు. జాగ్రత్త."

ఎస్తేరు చెయ్యి నిదానం. అగరు చిరగకుండా గీస్తుంది. పళ్ళేలను అందరూ రెండ్రోజులకు పారేస్తారు. ఆమె మాత్రం ఏమైనా తేడాగా కనిపిస్తే ఇంకొన్నాళ్ళు ఉంచి చూస్తుంది.

అలా ఉంచిన ఒక పళ్ళెంలో, ఊడ్పుల కాలంలో, ఒక క్రిమి ముడతలు పడటం మొదలెట్టింది. ఎండిన పూరేకుల్లా తయారైంది. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో క్రిమీ రెండు కొసలా ముదురుగా, మధ్యలో తెల్లగా, పిన్నీసులా ఉంది. ఆ నెత్తురు పడాల వీర్రాజు అనే వ్యవసాయ కూలీది. ఎస్తేరు లేచి వార్డుకు వెళ్ళింది. తర్వాత తన తోటి డాక్టరుకు చెబుతుంటే ఆ మాటలు నేను విన్నాను.

మంచం పక్కన వీర్రాజు భార్య నూకాలు కూర్చుని ఉందట.

"ఊడ్పులు మొదలైన కాణ్ణుంచీ జొరమేనండి. టీబీ అని మందులేశారండి. తగ్గలేదండి."

"షుగరుందా?"

"ఉందండి."

"చేలో నీళ్ళలో దిగేవాడా?"

"అదేంటండీ, దిగకుండా ఊడుపు ఎట్టా అవుద్దండి?"

వార్డు నుంచి వచ్చీ రాగానే ఎస్తేరు సూర్యప్రకాశం గారి గదికి వెళ్ళింది. నన్ను పళ్ళెంతో పాటే పట్టుకెళ్ళింది.

"సార్, ఇది మెలియాయిడోసిస్ అనుకుంటున్నానండి. మట్టిలో, వరిచేల నీళ్ళలో ఉండే క్రిమితో వచ్చే రోగం. మన మామూలు మందులకి లొంగదు."

ఆయన పళ్ళెం వైపు చూడలేదు. "కుళాయి క్రిమి అమ్మా అది. కంటామినేషన్ అని రాసి పంపెయ్."

"కుళాయిలు మార్చేశాం కద సార్?"

ఆయన రిపోర్టు కాగితం ఆమె వైపు జరిపారు. "నేను చెప్పింది రాయి," అన్నారు.

ఎస్తేరు రాయలేదు. ఫోనెత్తి వార్డు డాక్టరుతో మందు మార్చమని చెప్పింది.  అవతలి డాక్టరు కాదని సూర్యప్రకాశం గారికి చెప్పినా, వీర్రాజు చనిపోయినా, ఆమె ఉద్యోగానికి అదే చివరి వానాకాలం అయ్యేది. వార్డు డాక్టరు మందు మార్చాడు. వీర్రాజు జ్వరం మెల్లగా దిగింది. నెలల తరబడి మాత్రలు మింగి బతికి బయటపడ్డాడు.

ఎస్తేరు ఆ సంగతి పత్రంగా రాసి సంతకం కోసం విభాగాధిపతి సూర్యప్రకాశం గారి ముందు పెట్టింది. ఆయన పెట్టలేదు. పెడితే తన పత్రం అబద్ధమవుతుంది. తన పత్రం అబద్ధమైతే ఆ క్రిమి కుళాయిది కాదు, ఆ నలుగురి ఒంట్లోదే, రోగం పేరు తెలియకే వాళ్ళు పోయినట్టవుతుంది. ఎస్తేరు తన పేరుతోనే పంపింది. ఒక్క రోగితో ఏం తేలుతుంది, ఇంకా ఉన్నారా అంటూ పరిశోధన పత్రిక వాళ్ళు తిప్పి పంపారు.

మరుసటి ఏడు ఆమెకు బదిలీ అయింది. కొండల అంచున కొత్తగా పెట్టిన కాలేజీకి. బదిలీ ఎవరు చేయించారో నాకు తెలియదు. సూర్యప్రకాశం గారు ఆపలేదన్నది మాత్రం తెలుసు. అక్కడ పాఠాలే పాఠాలు. పదోన్నతికి పత్రాలు కావాలి, పత్రాలకు ప్రయోగశాల కావాలి. ప్రయోగశాలలో ఫ్రిజ్ కూడా సరిగా పనిచేయదు. ఆమె తర్వాత చేరినవాళ్ళు ఆమెను దాటిపోయారు. ఎస్తేరు కొత్తగా వచ్చిన వాళ్ళకు నన్ను పట్టుకోవడం నేర్పేది, అంతే.

ఏళ్ళు గడిచాక, పదవీ విరమణ దగ్గర పడినప్పుడు, సూర్యప్రకాశం గారు ఫోన్ చేశారు. ఒకసారి వచ్చి వెళ్ళమన్నారు. ఎస్తేరు నన్ను పెట్టెలో పెట్టుకుని వెళ్ళింది.

"రా అమ్మా. టీ తాగుతావా?" అంటూనే ఆయన ఇనప బీరువా తెరిచారు. వెనకాల అరలో మైనం పూసిన నాలుగు చిన్న గాజు గొట్టాలు.

చనిపోయిన ఆ నలుగురి క్రిములని ఎస్తేరు గుర్తుపట్టింది. "సార్, ఇవి పారేశామన్నారు కదా?"

"అన్నాను. పారెయ్యడానికి చేతులు రాలేదు."

"అంటే మీకు అప్పుడే అనుమానం ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరీక్ష చేస్తే తెలిసిపోతుంది కదమ్మా. అందుకే చేయలేదు."

ఆ నాలుగు గొట్టాల్లోకీ నేనే దిగాను. ఒకటి చచ్చిపోయింది. మూడు లేచాయి. కొన్నాళ్ళకు మూడు పళ్ళేల్లోనూ అవే ముడతలు. పెద్ద ప్రయోగశాలకు పంపితే అక్కడా అదే పేరు ఖాయం చేశారు. ఆ రోజు ఆయన పళ్ళేల ముందు చాలాసేపు నిలబడ్డారు.

"మనం ఏ మందిచ్చాం వాళ్ళకి?"

"జెంటామైసిన్ సార్."

"పనిచేయదు కదూ?"

"చేయదండి."

బయట క్లాసు వదిలేశారు, పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ఆయన కిటికీ మూశారు. "నా పత్రం వెనక్కి తీసుకుంటున్నానని నేనే రాస్తాను. నువ్వు నీది రాయి."

"మీ పేరు కూడా పెడతాను సార్. ఇవి దాచింది మీరే కదా."

"వద్దమ్మా. తప్పు కింద నా పేరు చాలు. ఒప్పు కింద నీ పేరుండనీ."

వీడ్కోలు సభలో ఒక వక్త ఆయన కుళాయి పత్రాన్ని ఆకాశానికెత్తాడు. సూర్యప్రకాశం గారు శాలువాతో లేచి, ఆ పత్రం తప్పనీ, దానివల్ల ఒక రోగం కొన్నేళ్ళపాటు ఆ ఆస్పత్రిలో పేరు లేకుండా తిరిగిందనీ చెప్పారు. జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఎస్తేరు చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

ఆమె పత్రం అచ్చయింది. చుట్టుపక్కల ఆస్పత్రులు ఆ రోగం కోసం వెతకడం మొదలెట్టాయి. కొన్నాళ్ళకు ఎస్తేరు ప్రొఫెసర్‌గా డెల్టా కాలేజీకే తిరిగి వచ్చింది. పదోన్నతి మాత్రం పత్రం వల్ల కాదు, పైవాళ్ళు రిటైరై ఖాళీలు ఏర్పడటం వల్ల వచ్చింది. ఈ క్రిమిని ఇప్పుడు గాలి బయటికి రాని మూసిన క్యాబినెట్లో, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ లూపులతోనే తాకాలి. మంట లేదు, నేనూ లేను. ఆమె బల్ల మీద కలాల మధ్య నిలబడి ఉంటాను.

మొన్న డాక్టర్ ఫర్హానా వచ్చింది. విభాగంలో అందరికంటే కొత్తది. తలుపు దగ్గరే ఆగిపోయింది.

"మేడమ్, కోప్పడనంటే ఒక మాట చెబుతానండి. గురువారం మీరు మెలియాయిడోసిస్ అని పంపారు చూడండి, అది కాదనుకుంటున్నాను. వేరే క్రిమి కూడా ఇలాగే ముడతలు పడుతుందండి. పరీక్షలు మళ్ళీ చేశాను."

ఎస్తేరు వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి. ఈ జిల్లాలో ఆ రోగం అంటే ఆమె పేరే చెబుతారు. ఫర్హానా ఒక అడుగు వెనక్కి వేసింది.

"చూపించు," అంది ఎస్తేరు.

ఇద్దరూ వెళ్ళారు. చాలాసేపటికి తిరిగి వచ్చారు. ఎస్తేరు కూర్చోకుండానే ఫోనెత్తింది.

"డాక్టరు గారూ, మైక్రోబయాలజీ ఎస్తేరురాణినండి. గురువారం నేను పంపిన రిపోర్టు తప్పు. ఆ మందు ఆపండి. మా డాక్టర్ ఫర్హానా కనిపెట్టింది. ఏమివ్వాలో ఆవిడే చెబుతుంది."

అని రిసీవర్ ఆ అమ్మాయి చేతికిచ్చి, కూర్చోమని తన కుర్చీ జరిపింది.