గెజిట్‌కెక్కని ఉత్తర్వు

అధ్యక్షుడి ఉత్తర్వు ప్రూఫు చూడగానే ప్రభుత్వ ముద్రణాలయం ఫోర్‌మన్‌కి మొదట నమ్మకం కుదరక, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. పల్లె బడుల్లో తాత్కాలిక టీచర్లందరినీ ఆ రోజు నుంచే తీసేస్తున్నారట. ఆయన కోడలు అలాంటి టీచరే. గెజిట్‌లో అచ్చయిందంటే అమల్లోకి వచ్చేసినట్టే. అచ్చువేయాల్సింది ఆయనే.

కాగితం తీసుకెళ్లి ప్రూఫ్‌రీడర్ ముందు పెట్టాడు. ఆ అమ్మాయి రోజుకి పది మాటలకు మించి మాట్లాడదు. అందరూ వెనకాల ‘మౌనంగారు’ అంటారు. ఆమె రెండుసార్లు చదివి, పక్కన ఎర్ర సిరాతో రాసింది: ‘ఏ చట్టం ప్రకారం?’

ప్రతి ఉత్తర్వుకీ మొదట్లో ఆ అధికారం ఏ చట్టం ఇచ్చిందో ఒక వాక్యం ఉండాలి. ఇందులో లేదు. అది లేనిదే అచ్చుకు వెళ్లకూడదని నియమం. కంగారులో ఫోర్‌మన్ ఆ సంగతే గమనించలేదు.

ఆ ప్రశ్నతోనే ప్రూఫుని తిప్పి పంపారు. అరగంటలో దాన్ని పట్టుకుని అధ్యక్షుడి కార్యాలయం నుంచి అధికారి ఊడిపడ్డాడు.

"ఎవరమ్మా నువ్వు? అధ్యక్షుడికే వంక పెడతావా?"

ఆమె తను రాసిన ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. "వంక కాదండీ, ప్రశ్న. చట్టం పేరు రాసిస్తే ఇప్పుడే వేసేస్తాం."

"ఆయన చెప్పారు. చాలదా?"

"మా ఫారంలో దానికి గడి లేదండీ."

"ఏమయ్యా, మెషిన్ నడిపేది నువ్వేగా? తిప్పు!"

ఫోర్‌మన్ మెషిన్ స్విచ్ మీంచి చెయ్యి తీసేశాడు. "అమ్మాయి సంతకం పెట్టందే తిప్పనండీ" అన్నాడు. అన్నది తానేనా అని తనకే అనుమానమొచ్చింది.

అధికారి న్యాయశాఖకు ఫోన్ చేశాడు. మొదట అరిచాడు. తర్వాత "ఊఁ... ఊఁ" అన్నాడు. "అలాంటి చట్టం లేదట. శాసనసభలో పెట్టాలట" అని గొణిగి, ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఫోర్‌మన్ స్టూలు మీద కూలబడ్డాడు. "చల్లగా ఉండు తల్లీ. మా కోడలు టీచరమ్మా."

"అయ్యో బాబాయ్! ముందే చెప్పుంటే భయంతో అసలు రాయలేకపోయేదాన్ని."

సభలో ఏం జరుగుతుందో తెలియదు. కానీ అక్కడ అడిగేవాళ్లు, కాదనేవాళ్లు ఉంటారు. ఈ పూటకి ఆయనకి అది కొండంత అండ.

ఇంటికి వెళ్లేసరికి కోడలు బడిపిల్లల పుస్తకాల మధ్య కూర్చుని ఉంది.

"మామయ్యా, కాస్త సాయం పట్టండి. అందరూ ఒకే తప్పు చేశారు, ఒకళ్లది చూసి ఒకళ్లు దించేసినట్టున్నారు!"

ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా పక్కన కూర్చున్నాడు. నలభై పుస్తకాలున్నాయి. ఇంకో నలభై ఉన్నా బాగుండేదనిపించింది.