అరవై రెండేళ్ల విద్యార్థికి తల్లి సంతకం

మా బావ ఆర్విడ్ మిన్నెసోటా రోడ్ల మీద నలభై నాలుగేళ్లు కంకర ట్రక్కు తోలాడు. పోయిన చలికాలంలో మంచు మీద జారి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. భుజం అతుక్కుంది గాని ఇక ట్రక్కు ఎక్కొద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అప్పటినుంచి ఇంట్లో కూర్చుని మా అక్క డార్లాకు ఊపిరాడనివ్వలేదు. వంటింటి అలమరలు సర్దాడు. మళ్లీ సర్దాడు. చివరికి ఉప్పు సీసా ఎక్కడ పెట్టాడో అతనికే తెలియకుండా పోయింది.

జూలైలో అక్క ఒకరోజు అతన్ని కూర్చోబెట్టి, పొద్దున ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఎక్కడికైనా సరే వెళ్లమంది. బావ కాసేపు మేజా బల్ల గీకి, తనకు బ్రెడ్ చేయడం నేర్చుకోవాలని ఉందని బయటపెట్టాడు. ఇన్నేళ్లూ పెట్రోలు బంకుల్లో అట్టముక్కల్లాంటి బన్నులు తింటూ, ఇంతకంటే నేను బాగా చేస్తాను కదా అనుకునేవాడట. అక్క నవ్వలేదు. నేను నవ్వాను. ఆ వారమంతా బావ నాతో మాట్లాడలేదు.

మా ఊరికి ముప్పై మైళ్ల దూరంలో కమ్యూనిటీ కాలేజీ ఉంది. అందులో బేకింగ్ కోర్సు ఏడాదిపాటు. దరఖాస్తు ఫోన్లోనే నింపాలి. బావ బొటనవేలు మొక్కజొన్న కంకంత ఉంటుంది. పుట్టిన సంవత్సరం దగ్గర అంకెల చక్రాన్ని ఒక్క తోపు తోశాడు. అది గిర్రున తిరిగి ఎక్కడో ఆగింది. ఎక్కడ ఆగిందో అతను చూసుకోలేదు. సీటు దొరికిందని కబురు రాగానే మా అందరికీ ఫోన్ చేసి చెప్పాడు.

పేరు నమోదు చేయించుకోవడానికి ఆగస్టు మూడో వారంలో నేనే కారులో తీసుకెళ్లాను. కాలేజీ ఆఫీసులో మారిబెల్ అనే అమ్మాయి ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. కంప్యూటర్ కేసి చూసి, బావ కేసి చూసి, మళ్లీ కంప్యూటర్ కేసి చూసింది.

"సార్, ఇందులో మీకు పదహారేళ్లని ఉంది," అంది.

"అరవై రెండమ్మా," అన్నాడు బావ.

"నాకు కనబడుతూనే ఉంది సార్. దీనికే కనబడటం లేదు."

పుట్టిన తేదీ మార్చాలంటే కాగితాలు రాజధానిలో ఉన్న పెద్దాఫీసుకి వెళ్లాలట. మూడు వారాలు పడుతుందట. క్లాసులు సోమవారం మొదలు. బావకిచ్చింది చివరి సీటు, దాని కోసం ఇంకో నలుగురు కాచుకుని ఉన్నారు. మారిబెల్ పైఅధికారితో ఫోన్లో మాట్లాడి వచ్చింది పాపం. ఒకే దారి ఉందంది. పద్దెనిమిది నిండని విద్యార్థికి తల్లో తండ్రో సంతకం చేస్తే కంప్యూటర్ ఈరోజే ఒప్పుకుంటుంది. తర్వాత తీరిగ్గా తేదీ దిద్దుకోవచ్చు. ఆ మాట ఎలా అడగాలో తెలియక గొంతు తగ్గించింది.

"సార్, తప్పుగా అనుకోకండి. మీ అమ్మగారు గాని, నాన్నగారు గాని... ఉన్నారా?"

"అమ్మ ఉంది," అన్నాడు బావ. ఆ రెండు మాటలూ అంత భయంగా అనడం నేనెప్పుడూ వినలేదు.

సెల్మా అత్తయ్యకు ఎనభై నాలుగు. వయసు మళ్లినవాళ్ల కోసం కట్టిన ఫ్లాట్లలో ఒంటరిగా ఉంటుంది. మేం వెళ్లేసరికి కింద హాల్లో పేకాట నడుస్తోంది. ఆట అయ్యేదాకా మా వంక చూడలేదు. అయ్యాక బావ విషయం చెప్పాడు. ఆవిడ భూతద్దం తెప్పించుకుని కాగితం మొదటి అక్షరం నుంచి చదివింది. పేకాటలో ఉన్న ముగ్గురు ముసలమ్మలూ ముక్కలు దించి వింటున్నారు.

"విద్యార్థి హాజరుకీ నడవడికకీ నేను పూచీ అని రాసుంది ఇందులో," అంది.

"అది ఊరికే ఉంటుందమ్మా. సంతకం పెట్టేసెయ్."

"ఊరికే ఎట్లా ఉంటుందిరా? ముద్ర కూడా ఉంటేనూ." కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. "అయినా నన్నెందుకు అడగడం? పోయినసారి నువ్వే పెట్టుకున్నావుగా నా సంతకం."

బావ ముఖం బీట్‌రూట్ ముక్కలా అయిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు తెలిసింది. పదిహేడో ఏట బావ హైస్కూలు చివరి సంవత్సరంలో బడి మానేసి, మేనమామ ట్రక్కు ఎక్కాడు. మానేయడానికి తల్లి ఒప్పుకున్నట్టు కాగితం కావాలంటే, తనే రాసి తనే సంతకం గీకి ఇచ్చాడు. హైస్కూలు పాసైనట్టు లెక్కకొచ్చే పరీక్ష మొన్న మార్చిలో, మా అక్క పోరు పడలేక రాసి గట్టెక్కాడు గాని, ఆ సంతకం సంగతి ఎవరికీ తెలియదనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాడు నెమ్మదిగా.

"హెడ్మాస్టరు ఆ వారమే చూపించాడు. నా పేరులో ఒక 'ఎల్' మింగేశావు. తల్లి పేరు రాయడం రానివాణ్ణి బళ్లో ఉంచి ఏం లాభం అనుకుని ఊరుకున్నా."

ముసలమ్మల్లో ఒకావిడ దగ్గినట్టు నటించి నవ్వింది.

చివరికి సంతకం పెడతానంది, కాని అక్కడ పెట్టదట. ఆఫీసుకే వచ్చి ఆ అమ్మాయి కళ్ల ముందు పెడుతుందట. ఈసారి అది ఎవరి సంతకమో ఎవరికీ అనుమానం ఉండకూడదంది. లేత నీలం కోటు వేసుకుని, పెదాలకు రంగు పూసుకుని వచ్చింది. కారులో ముందు సీటు ఆవిడదే. బావ వెనక కూర్చున్నాడు, మోకాళ్లు గడ్డానికి తగులుతూ.

మారిబెల్ ముందు ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. కలం మూత పెట్టి, "అమ్మాయ్, వీణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టొద్దు. దారిన పోయే ప్రతి బండినీ చూస్తాడు," అంది.

మారిబెల్ అది నిజంగానే రాసుకుంది.

అంతటితో అయిపోలేదు. పద్దెనిమిది లోపు పిల్లలు శనివారం నాడు కొత్త విద్యార్థుల పరిచయ సభకు తల్లిదండ్రులతో వచ్చి తీరాలని కంప్యూటర్ కబురు పంపింది. నలభై మంది పదహారేళ్ల పిల్లల మధ్య బావ మెళ్లో పేరు చీటీ వేలాడేసుకుని కూర్చున్నాడు. పక్కన ఒక తండ్రి మీ అబ్బాయి ఏడని అడిగితే, సెల్మా అత్తయ్య గర్వంగా బావ భుజం తట్టింది.

చివర్లో తల్లిదండ్రులందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, మీ పిల్లలకు నాలుగు మాటలు రాయండన్నారు. మిగతావాళ్లు పేజీలు నింపుతున్నారు. ఆవిడ రెండు నిమిషాల్లో రాసి మడిచి ఇచ్చేసింది. బావ దాన్ని తిరుగు దారిలో కారులో విప్పాడు. చదివి జేబులో పెట్టుకున్నాడు. ఆవిణ్ణి దింపాక నాకు అందించాడు. అందులో ఇలా ఉంది: "నువ్వు బడి మానేసిన రోజు పొయ్యి పాడైందని చెప్పి నీకు భోజనం పెట్టలేదు. పొయ్యి బాగానే ఉంది. అది నాకు ఇప్పటికీ బాధే. ఆదివారం రా."

ఆదివారం వెళ్లాడు. పంది మాంసం, ఉడకేసిన బంగాళాదుంపలు పెట్టిందట. ఇద్దరూ ఆ కాగితం ఊసెత్తలేదట.

క్లాసులు మొదలయ్యాయి. మొదటి వారంలో బావ చేసిన బ్రెడ్‌ను మా అక్క గరాజు తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టింది. రెండో వారంలో కోయగలిగాం. మూడో వారంలో పెద్దాఫీసు అతని వయసు నలభై ఆరేళ్లు పెంచింది. పెంచింది గాని తల్లి ఫోన్ నంబరూ అడ్రసూ తీసేయడం ఎవరికీ తోచలేదు. అక్టోబరులో పంటి నొప్పని బావ ఒకరోజు ఎగ్గొడితే, కాలేజీ నుంచి కబురందిన ఆవిడ తొమ్మిదీ పదికల్లా బావకు ఫోన్ చేసింది. పన్ను చూపించుకున్న చీటీ ఉందా అని అడిగింది. చీటీ లేదు. చేపలు పట్టడానికి వెళ్లాడు. అది ఆవిడకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. నేను మాత్రం చెప్పలేదు.

డిసెంబరులో మార్కుల కాగితం కూడా ఆవిడకే వెళ్లింది. పేకాట బృందం మొత్తం చూశాకే బావకు అందింది. బ్రెడ్‌లో ఏ. శుభ్రతలో ఏ. కేకు మీద పూలు వేయడంలో సి. ఆ వేళ్లతో గులాబీలు వేస్తే క్యాబేజీల్లా వచ్చాయని బావే ఒప్పుకున్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేసింది.

"గ్లెన్ అబ్బాయ్, కారు తీసుకురా. ఆ సి ఎందుకిచ్చారో మేస్టారితో మాట్లాడాలి."

ఆవిణ్ణి రానివ్వొద్దని చెప్పడానికి బావ ఆ మేస్టారికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఆయన నవ్వి, రమ్మనండి, ఆవిడతో మాట్లాడాలని నాకూ ఉంది అన్నాడట. నేను వెళ్లేసరికి సెల్మా అత్తయ్య నీలం కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.